పెట్ట కూస్తే అరిష్టమా?

రెండేళ్ళ కిందట కార్తీక అమావాస్య వెళ్ళిన వారానికి ఇద్దరు యువ కళాకారులు మా ఇంటికి వచ్చారు. ఒకబ్బాయి, ఒకమ్మాయి. ఇద్దరూ బాగా చదువుకున్నవాళ్ళు, మర్యాద తెలిసినవాళ్ళు. కారంపూడిలో వీరుల ఉత్సవాలు జరిగిన అయిదు రోజులూ అక్కడే ఉండి కెమెరాలో బోలెడంత చిత్రించుకుని వచ్చారు. మనిషి దేహం, జంతువుల తెలివి, ఈ రెండింటి నుంచీ పుట్టే ఒక ప్రయోగాత్మక కళని తయారుచేస్తున్నామన్నారు. నేను ఆ ప్రాంతపు ఆడపిల్లని, నలుగురికీ తెలుగు పాఠం చెప్పి రిటైరైనదాన్ని. ప్రదర్శన పుస్తకానికి ముందుమాట రాయమన్నారు. "మనిషిని కేంద్రం నుంచి పక్కకు జరపడమే మా కళ ఉద్దేశం మేడమ్" అని ఆ అబ్బాయి చెప్పినప్పుడు నాకు ముచ్చటేసింది. సరేనన్నాను.

తర్వాత వాళ్ళు పంపిన పన్నెండు నిమిషాల వీడియో చూశాను. నాలుగుసార్లు చూశాను. ముందుమాట రాయనని చెప్పేశాను. ఎందుకని అడిగితే ఫోన్‌లో రెండు ముక్కలకంటే ఎక్కువ చెప్పలేకపోయాను. ఆ చెప్పలేకపోయినదంతా ఇప్పుడు రాస్తున్నాను. ఆ పిల్లలిద్దరి మీద కోపంతో కాదు. వాళ్ళు చేసింది వాళ్ళొక్కళ్ళే చేస్తున్నది కాదు గనుక, మన కళాప్రపంచం అంతా అలవాటుగా చేస్తున్నది గనుక రాస్తున్నాను.

వీడియోలో ఏముందో ముందు చెప్పాలి. పూనకంలో ఉన్న ఒక మగవాడి వీపు, దానిమీద చెమట. మెడ మీద ఈకలు నిక్కబొడుచుకున్న పుంజు, చాలా నెమ్మదిగా కదులుతూ. పుంజు మెడ, మనిషి మెడ ఒకదానిలోకి ఒకటి కరిగిపోతాయి. నడుమ గాజులున్న ఒక ఆడచెయ్యి గింజలు చల్లుతుంది. ఆ చేతికి మొహం లేదు. వెనకాల యంత్రం చేసిన ఒక ఏకనాదం.

ఆ చెయ్యి మా పిన్నిది.

ఆ పిల్లలు మా పిన్ని వాకిట్లో ఒక పూటంతా కూర్చున్నారు. ఆవిడ వాళ్ళకి అన్నం పెట్టింది. అరవై ఏళ్ళుగా కోళ్ళు పెంచుతున్న మనిషి గనుక కోళ్ళ గురించి అడిగినవీ అడగనివీ అన్నీ చెప్పింది. ఒక్క మాట కూడా వీడియోలో లేదు. నేను ఫోన్‌లో చూపిస్తే కళ్ళజోడు సవరించుకుని చివరిదాకా చూసి, "చెయ్యి నాదేనే. మరి నోరేదీ?" అంది.

ఈ ప్రశ్నకి జవాబు వెతికితే కారంపూడి నుంచి చాలా దూరం వెళ్ళాల్సి వస్తుంది. ముందు కారంపూడిలోనే మొదలుపెడదాం.

*

నాగులేటి ఒడ్డున ఉన్న కారంపూడిలో పన్నెండో శతాబ్దంలో పల్నాటి యుద్ధం జరిగింది. ఆ వీరుల పేరున ఏటా కార్తీక అమావాస్యతో మొదలుపెట్టి అయిదు రోజులు ఉత్సవాలు చేస్తారు. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు. ఊళ్ళ నుంచి వీరాచారం పాటించేవాళ్ళు వీరుల ఆయుధాలైన కొణతాలు మోసుకొస్తారు. ఇది నిజంగా దేహంతో చేసే కళే. పుస్తకం అవసరం లేని చరిత్ర. ఎనిమిది వందల ఏళ్ళ కిందటి చావుల్ని ఇప్పటి మనుషులు తమ ఒళ్ళుతో గుర్తుచేసుకుంటారు. యువ కళాకారులకి అక్కడ ఒళ్ళు గగుర్పొడిచిందంటే నేను నమ్ముతాను. చిన్నప్పుడు నాకూ గగుర్పొడిచేది.

కానీ ఆ దేహాలకి కులం ఉంది. పల్నాటి వీరుల కథని తరతరాలుగా పాడుతూ వచ్చినవాళ్ళు వీరవిద్యావంతులు, మాల కులస్థులు. బ్రహ్మనాయుడు కన్నమదాసుని కొడుకుగా చూసుకున్నాడనీ, అన్ని కులాలవాళ్ళనీ ఒకే చాపమీద కూర్చోబెట్టి చాపకూడు పెట్టాడనీ కథ ఎంత చెప్పినా, కథ పాడేవాడి కులం మాత్రం ఊళ్ళో మారలేదు. జీన్ రోఘైర్ అనే అమెరికన్ పరిశోధకుడు ఈ కథని రికార్డు చేసి ఇంగ్లీషులోకి తెచ్చి 1982లో అచ్చువేసినప్పుడు, అది అలిశెట్టి గాలేయ్య పాడిన కథ అని పుస్తకం పేరుతో పాటే చెప్పాడు. ఎక్కడో పరాయి దేశంవాడు గాయకుడి పేరు లోపలి పేజీలో కృతజ్ఞతల కింద దాచకుండా అట్ట మీదికి తెచ్చాడు. మన కళాకారులు గాయకుడి వీపుని మాత్రమే తెచ్చారు. "దేహం" అన్న పెద్ద మాట వాడగానే కులమూ, కూలీ, పేరూ అన్నీ రాలిపోతాయా? దేహం ఎవరిదో చెప్పకుండా దేహం గురించి మాట్లాడటం ఎంత సుఖమో కదా!

ఇక కోడి.

పల్నాటి కథలో యుద్ధానికి దారితీసింది కోడిపందెం. నలగామరాజు మంత్రి నాయకురాలు నాగమ్మ ఒకవైపు, బ్రహ్మనాయుడు ఒకవైపు. నాగమ్మ కోడి శివంగిడేగ, బ్రహ్మనాయుడి కోడి చిట్టిమల్లు. ఓడినవాళ్ళు ఏడేళ్ళు రాజ్యం విడిచిపోవాలి. బ్రహ్మనాయుడి పక్షం ఓడిపోయింది. ఇంతవరకూ అందరికీ తెలుసు. పందెం ఆడినవాళ్ళు ఇద్దరైతే నింద మాత్రం ఒక్కరికే ఎందుకు పడిందన్నది ఎవరూ అడగరు. నాగమ్మ గెలిస్తే అది కుతంత్రం, మోసం, మందూ మంత్రం. బ్రహ్మనాయుడు పందెం ఒప్పుకుంటే అది మాటకి కట్టుబడటం! ఒక విధవరాలు మంత్రి పదవిలో కూర్చుని, ఒక రాజ్యాన్ని నడిపి, యుద్ధరంగానికి వెళ్ళిన చరిత్రని మనవాళ్ళు "ఆడపెత్తనం" అన్న ఒక్క సామెతలో ముగించేశారు. 1947లో కన్నాంబ, 1966లో భానుమతి వంటి గొప్ప నటులు 'పల్నాటి యుద్ధం' సినిమాల్లో నాగమ్మ వేషం వేశారు. వాళ్ళ నటన వల్ల ఆ పాత్రకి ఠీవి వచ్చింది గానీ, ఆమె తెలివి మీద పడ్డ ముద్ర చెరిగిపోలేదు.

ఆ ముద్రని జాగ్రత్తగా చూడండి. మగవాడి తెలివిని నీతి అంటారు, రాజనీతి అంటారు. ఆడదాని తెలివిని జిత్తు అంటారు, నక్కజిత్తు అంటారు. అంటే మన భాషలో జంతువుల తెలివీ ఆడవాళ్ళ తెలివీ ఎప్పుడో ఒకే గాటన కట్టేసి ఉన్నాయి. మనిషిని కేంద్రం నుంచి జరుపుతాం అంటున్న పిల్లలకి నేను చెప్పాలనుకున్న మొదటి మాట ఇదే. బాబూ, ఆ కేంద్రంలోకి మేమెప్పుడు వచ్చాం, ఇప్పుడు జరగడానికి?

*

మా ఇంటి సంగతి చెప్పకుండా ఈ వ్యాసం రాస్తే అది నిజాయితీ కాదు.

మా నాన్న పందెపు పుంజుల్ని పెంచేవాడు. డేగ, కాకి, నెమలి, సేతువ, పర్ల అని ఈకల రంగుని బట్టి పేర్లు. ఏ రంగు పుంజుని ఏ రోజు ఏ దిక్కు నుంచి వదలాలో కుక్కుట శాస్త్రం చూసి చెప్పేవాడు. ఊళ్ళో మగవాళ్ళంతా ఆయన్ని పండితుడిగా చూసేవాళ్ళు. పుంజుకి పొద్దున నానబెట్టిన బాదం పప్పు, ఉడికించిన కోడిగుడ్డు, సాయంత్రం మాంసపు కైమా. నీళ్ళు కాచి స్నానం. మా తమ్ముడు పుట్టిన సంవత్సరం అమ్మ పచ్చిబాలింత. ఆవిడకి పత్యం పేరుతో కారప్పొడీ అన్నమూ. ఆ గుడ్లు పెట్టిన పెట్టలు అమ్మ పెంచినవే. గుడ్డు పెట్టేది పెట్ట, పెంచేది అమ్మ, తినేది పుంజు, గెలిచేది నాన్న. ఓడినప్పుడు మాత్రం అందరం ఓడేవాళ్ళం. అట్లా ఒక సంక్రాంతికి ముప్పావు ఎకరం మిరపచేను పోయింది. నేను ఇంటర్ చదవాల్సిన ఏడాది చదువు ఆగింది.

అమ్మ మీద మా నాన్న చెయ్యి చేసుకున్న రాత్రుల్లో పుంజు ఓడిన రాత్రులే ఎక్కువ. గెలిచిన రాత్రులు లేకపోలేదు.

పుంజు కాలికి కత్తి కట్టడం పుంజు తెలివి కాదు. దాని ఒంట్లో సహజంగా ఉన్న ఒక చిన్న తగువుని పట్టుకుని, దానికి ఉక్కు తొడిగి, చచ్చేదాకా సాగదీయడం మగవాళ్ళ తెలివి. కోళ్ళ మందలో ఎవరు ముందు ఎవరు వెనక అన్న వరస ఉంటుందని నార్వే దేశపు షెల్డరప్-ఎబ్బె 1920ల మొదట్లోనే రాశాడు. ఆ వరస ఉండేది ఎప్పుడూ కొట్టుకోవడానికి కాదు. ఒకసారి తేలిపోయాక మళ్ళీ మళ్ళీ కొట్టుకోకుండా బతకడానికి. కోడి తన తెలివితో తప్పించుకున్న పోట్లాటని మనిషి తన తెలివితో కొని తెచ్చాడు. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం జంతువుల్ని కొట్లాటకి పురికొల్పడం నేరమంటుంది. అయినా ప్రతి సంక్రాంతికీ బరులు గీస్తూనే ఉన్నారు.

అందుకే వీడియోలో పుంజు మెడ మగవాడి మెడలోకి కరిగిపోతుంటే నాకు దేహాల ఐక్యం కనిపించలేదు. మా నాన్న కనిపించాడు. ఆయనకి కూడా ఆ పుంజు తానే అనిపించేది. ఎనిమిది శతాబ్దాలుగా పల్నాడు మగవాడు పుంజులో తన మొహాన్నే చూసుకుంటున్నాడు. మళ్ళీ అదే అద్దాన్ని పెట్టి, ఖరీదైన లెన్సుతో చిత్రించి దాన్ని ప్రయోగం అంటే ఎట్లా?

*

మరి జంతువుల తెలివి ఎక్కడుంది? మా పిన్ని ఆ పూట వాళ్ళకి చెప్పిన మాటల్లో ఉంది. ఏం చెప్పిందో నేను మళ్ళీ అడిగి రాసుకున్నాను.

"గద్ద కనపడితే పెట్ట ఒక రకంగా అరుస్తది, కుక్కో పిల్లో వస్తే ఇంకో రకం. మొదటి అరుపుకి పిల్లలు రెక్కల కిందకి దూరతయి. రెండోదానికి చెల్లాచెదరై నక్కుతయి. మేత దొరికితే వేరే పిలుపు. పిల్లలు గుడ్డులో ఉండంగనే పెట్ట మాట్టాడద్ది, అయి లోపలనించే పలుకుతయి. పొదుగుడు కొచ్చిన పెట్టకి గుడ్లు వేసేముందు దీపం దగ్గర పెట్టి చూస్తా. ఏ పెట్ట మంచి తల్లో ఏది కాదో మొదటి ఈతకే తెలుస్తది."

ఇవన్నీ పల్లెటూరి ముసలమ్మ చాదస్తాలు కావు. కోళ్ళు ఆకాశం నుంచి వచ్చే శత్రువుకి ఒక కూత, నేలమీద వచ్చే శత్రువుకి మరో కూత వాడతాయని శాస్త్రజ్ఞులు ప్రయోగాలతో తేల్చారు. పిల్లలు తినకూడని మేత తింటున్నాయని పెట్టకి అనిపిస్తే, తాను గట్టిగా గీరుతూ పొడుస్తూ వాటిని మంచి మేతవైపు మళ్ళిస్తుందని క్రిస్టీన్ నికోల్ 1996లో చూపించింది. నాలుగు రోజుల వయసు కూడా నిండని కోడిపిల్లలు, రెండు తెరల వెనక దాచిన బంతుల్లో ఎటు ఎక్కువున్నాయో లెక్క కట్టి అటే వెళ్తాయని ఇటలీలో రోసా రుగాని బృందం 2009లో చూపింది. పిల్లల మీద గాలి ఊది కాస్త ఇబ్బంది పెడితే దూరంగా ఉన్న తల్లి గుండె వేగం పెరుగుతుందని ఇంగ్లండులో జోఆన్ ఎడ్గర్ బృందం 2011లో నమోదు చేసింది. గమనించారా, ఈ ముగ్గురూ ఆడవాళ్ళు. పుంజు పోట్లాటని చూడటానికి లోకమంతా మూగితే, పెట్టకీ పిల్లకీ మధ్య జరిగేదాన్ని చూడాలని తోచినవాళ్ళలో ఆడవాళ్ళు ముందున్నారు. ప్రయోగశాలలో వాళ్ళు, వాకిట్లో మా పిన్ని.

ఇప్పుడు చెప్పండి. జంతు మేధ గురించి కళ చేస్తామంటూ వచ్చి, ఆ మేధని అరవై ఏళ్ళు చదివిన మనిషి మాటని తీసేసి, చేతిని మాత్రం ఉంచుకోవడం ఏమిటి? దీన్ని ప్రయోగం అనాలా, పాత అలవాటు అనాలా?

పెట్ట కూస్తే ఇంటికి అరిష్టమంటారు మన ఊళ్ళలో. కూసిన పెట్టని ఆ పూటే కోసేస్తారు. ఆడపిల్ల గొంతు పెంచితే ఇదే మాట గుర్తుచేస్తారు. అండాశయం దెబ్బతిన్న పెట్టలో హార్మోన్లు మారి అది పుంజులా కూయడం ప్రకృతిలో జరిగేదేనని జీవశాస్త్రం చెబుతుంది. ఆడ, మగ అన్న గీత ఒక్క దేహంలోనే అటూ ఇటూ కదలగలదని చెప్పే పెట్ట అది. దేహం గురించి ప్రయోగం చేయదలచుకున్న కళాకారుడికి ఇంతకంటే గొప్ప వస్తువు ఏముంటుంది? కానీ కెమెరా దాని వైపు తిరగదు. తన కోడి కూయకపోతే, తన కుంపట్లో నిప్పు లేకపోతే ఊరికి తెల్లవారదనుకున్న ముసలమ్మ కథ చెప్పుకుని మనం తరతరాలుగా నవ్వుకుంటున్నాం. ఊరందరికీ నిప్పు ఇచ్చినావిడ ఆవిడే కదా అని ఒక్కరం అనం.

*

ఇది పల్నాటి మగవాళ్ళ వెనకబాటుతనం అనుకుంటే పొరపాటు. 1960లో పారిస్‌లో ఈవ్ క్లయిన్ అనే ప్రఖ్యాత కళాకారుడు నగ్నంగా ఉన్న యువతుల ఒంటికి నీలిరంగు పూయించి, కాగితాల మీద వాళ్ళ దేహాలతో ముద్రలు వేయించాడు. తాను సూటూ బూటూ వేసుకుని దూరం నుంచి సూచనలిచ్చాడు. చేతికి రంగు అంటలేదు. వాళ్ళని సజీవ కుంచెలు అన్నాడు. కళాచరిత్రలో ఆయన పేరుంది. కుంచెల పేర్లు ఎంతమందికి తెలుసు? 1974లో యోసెఫ్ బోయ్స్ న్యూయార్క్ గ్యాలరీలో ఒక కయోటీతో, అంటే అక్కడి తోడేలు జాతి జంతువుతో, రోజుల తరబడి ఒకే గదిలో గడిపాడు. క్లయిన్ చేసినదానికంటే అది మేలు, అందులో కనీసం ఎదురుబదురుగా చూసుకోవడం ఉంది. అయినా గది ఆయన కోరుకున్నది, జంతువుకి తీసుకొచ్చింది.

2017లో న్యూయార్క్ గుగ్గెన్‌హైమ్ మ్యూజియం, చైనా కళాకారుల ప్రదర్శన నుంచి జంతువులున్న మూడు కృతుల్ని నిరసనల మధ్య తీసేయాల్సి వచ్చింది. అందులో ఒకటి, ఒకదాన్నొకటి తాకలేకుండా కట్టిన కుక్కలు ఎదురెదురుగా పరిగెత్తే వీడియో. కళా స్వేచ్ఛ అని ఒకరు, హింస అని ఒకరు. నిషేధాల వల్ల కళ బాగుపడుతుందని నేను నమ్మను. కానీ "ఒప్పుకున్నారా?" అన్న ప్రశ్న వేయగానే "స్వేచ్ఛ" అన్న జవాబు ఎందుకొస్తుందో మాత్రం ఆడవాళ్ళకి బాగా తెలుసు. ఆ రెండు మాటల మధ్య మనం చాలాకాలం బతికాం.

ఆడవాళ్ళు చేసినవన్నీ నిష్కళంకం అని కూడా అననక్కర్లేదు. క్యూబాలో పుట్టిన ఆనా మెండియెటా 1972లో తల తెగిన కోడిని చేత్తో పట్టుకుని నగ్నంగా నిలబడి ఒక ప్రదర్శన చేసింది. కోడి నెత్తురు ఆమె ఒంటిమీద చిందింది. స్త్రీ దేహం మీద జరిగే హింస గురించి అంత తీవ్రంగా మాట్లాడినవాళ్ళు తక్కువ. అయినా ఆ కోడి చావు కూడా లెక్కలోకి రావాలని నేనంటాను. మన దేశంలోనే సోనియా ఖురానా 1999లో 'బర్డ్' అన్న చిన్న వీడియో చేసింది. అందం కొలతల్లో ఒదగని తన సొంత నగ్నదేహంతో, పక్షిలా ఎగరబోయి పడిపోతూ, మళ్ళీ లేస్తూ ఉంటుంది. ఏ పక్షినీ కట్టేయలేదు, ఏ ఆడదాన్నీ కుంచెగా వాడలేదు. పణం పెట్టింది తన దేహాన్నే. మనిషి దేహానికీ జంతువుకీ మధ్య ఉన్న దూరాన్ని అంత నిజాయితీగా కొలిచిన పని నాకు వెంటనే మరొకటి గుర్తురాదు.

మన తెలుగువాడు లక్ష్మాగౌడ్ ఉన్నాడు. మెదక్ జిల్లా నిజాంపూర్ పల్లె నుంచి వెళ్ళి, బరోడాలో చదివి, పల్లె మనుషుల్నీ మేకల్నీ చెట్లనీ ఒకే కామోద్రేకంలో పెనవేసి చెక్కిన ఆయన ఎచింగ్‌లు భారతీయ కళలో నిజమైన తెగింపు. మనిషి, జంతువు వేరు వేరు కాదని తెలుగు కళలో అంత బలంగా చూపినవాళ్ళు అరుదు. ఆ గీతకి నేను దాసోహం. కానీ ఆ బొమ్మల ముందు నిలబడ్డప్పుడు నాకెప్పుడూ ఒక వెలితి. ఆ పల్లె ఆడది కోరికతో నిండి ఉంది సరే, ఆ మేకని మేపేది ఆవిడే కదా, మేక గురించి ఆవిడకి ఏం తెలుసు? దేహం ఉంది, జంతువు ఉంది, రెండింటి మధ్యా ఆవిడ ఎరుక లేదు.

ఇక్కడ మన సొంత చరిత్ర గుర్తుచేసుకోవాలి. 1980లలో కొండేపూడి నిర్మల 'లేబర్ రూం', జయప్రభ 'చూపులు', పాటిబండ్ల రజని 'అబార్షన్ స్టేట్‌మెంట్' రాసినప్పుడు మన సాహిత్య పెద్దలు ఏమన్నారు? నీలి కవిత్వం అన్నారు. ఆడది తన దేహం గురించి తాను మాట్లాడితే అశ్లీలం. అదే దేహాన్ని మరొకరు గీస్తే, అచ్చువేస్తే, చిత్రిస్తే ప్రయోగం. ఆ నిందనే తలకెత్తుకుని 1993లో 'నీలి మేఘాలు' అని సంకలనం తెచ్చుకున్నాం. ఆ తెగువని తర్వాత ఏ అటక మీద పెట్టాం? కవిత్వంలో దేహాన్ని గెలుచుకున్నవాళ్ళం, బొమ్మలోనూ వీడియోలోనూ దాన్ని మళ్ళీ ఎవరి చేతుల్లోనో వదిలేశామా?

*

నా మాటకి రెండు అభ్యంతరాలు వచ్చాయి.

ఒకటి, నాతో పాటు పాఠాలు చెప్పిన ఒక దళిత స్నేహితురాలిది. "మమ్మల్ని ఇన్నాళ్ళూ పశువుల కింద జమకట్టారు. ఇప్పుడిప్పుడే మనుషులమని చెప్పుకుంటున్నాం. ఇంతలో మనిషీ జంతువూ ఒకటే అనే కళ ఎవరికి కావాలి?" అని అడిగింది. ఈ ప్రశ్న ముందు నేను తలవంచుతాను. ఎప్పుడూ మనుషులుగానే లెక్కపడ్డవాళ్ళకి జంతువు కావడం ఒక ఆట. ఆ ఆట అందరికీ ఒకే ధరకి దొరకదు. కాబట్టి నేను అడుగుతున్నది మనిషిని జంతువు దగ్గరికి దించమని కాదు. జంతువుకి తెలివి లేదన్న అబద్ధాన్ని పడగొట్టమని. ఆ అబద్ధం నిలబడ్డంతకాలం ఎవర్ని తొక్కాలన్నా వాళ్ళని జంతువు అంటే చాలు. అబద్ధం కూలితే ఆ తిట్టు కూడా పస తగ్గిపోతుంది.

రెండోది ఆ అబ్బాయిదే. "మేడమ్, కళ డాక్యుమెంటరీ కాదు. మీ పిన్నిగారి మాటలు పెడితే అది వ్యవసాయ కార్యక్రమం అయిపోతుంది" అన్నాడు. నిజమే, కళ సమాచారం కాదు. కానీ మా పిన్ని మాట సమాచారమే, పూనకం వచ్చినవాడి వీపు మాత్రం కళే అని తేల్చింది ఎవరు? ఆవిడ కోళ్ళని పిలిచేటప్పుడు నాలుకతో చేసే చప్పుడు మీ ఏకనాదం కంటే ఎందులో తక్కువ? పెట్టా పిల్లా గుడ్డుపెంకు అటూ ఇటూ ఉండి మాట్లాడుకుంటాయన్న ఒక్క వాక్యంలోంచి జీవితకాలపు కళ పుట్టించవచ్చు. పుట్టలేదంటే లోపం ఆ వాక్యంలో లేదు.

మన జానపదుల దగ్గర ఈ కళ ఎప్పటి నుంచో ఉంది కూడా. తోలుబొమ్మలాటలో మేకతోలు సీత అవుతుంది, హనుమంతుడవుతుంది. జంతువు ఒళ్ళే మనిషి ఒళ్ళవుతుంది, దీపం ముందు కదులుతుంది. అక్కడ ఆడబొమ్మకి గొంతు ఆ కుటుంబపు ఆడవాళ్ళే ఇస్తారు. తెర వెనక కూర్చునైనా సరే, నోరు ఆడవాళ్ళదే. నిమ్మలకుంట కళాకారులకి అర్థమైన ఈ చిన్న సంగతి నగరపు గ్యాలరీలకి ఎందుకు అర్థం కాదు?

*

కాబట్టి ముందుమాటకి బదులు నా షరతులు రాస్తున్నాను. దేహం మీద కళ చేసేవాళ్ళు ఆ దేహం పేరు చెప్పాలి, కూలీ ఇవ్వాలి, చూపించే ముందు వాళ్ళకి చూపించాలి, వద్దంటే తీసెయ్యాలి. జంతువు మీద కళ చేసేవాళ్ళు దాన్ని కట్టకూడదు, కొట్టుకోనివ్వకూడదు, చంపకూడదు. దానితో బతికినవాళ్ళ దగ్గర ముందు చదువుకోవాలి. పల్నాడులో ఆ బడి ఇళ్ళ వెనక పెరట్లో ఉంది, పందెం బరిలో లేదు. నాగమ్మని వాడుకునేవాళ్ళు ఆమె కోడిని చూసే ముందు ఆమె మంత్రాంగాన్ని చూడాలి.

ఇక రచయిత్రులమైన మనకి. మన తల్లుల, పిన్నుల దగ్గర ఉన్న ఈ జ్ఞానం వాళ్ళతోనే వెళ్ళిపోతోంది. పెట్టకి పొదిగే బుద్ధే లేకుండా చేసిన ఫారం కోళ్ళ కాలంలో, పొదుగుడు పెట్ట పలుకుని గుర్తుపట్టగల ఆడవాళ్ళు ఊరికి ఎంతమంది మిగిలారు? విశ్వవిద్యాలయాల్లో ఉన్నవాళ్ళు దీన్ని పరిశోధనకి తీసుకోండి. రాసేవాళ్ళు వాళ్ళ మాటల్లోనే రాసిపెట్టండి. బొమ్మలు గీసే ఆడపిల్లలు, కెమెరా పట్టుకున్న ఆడపిల్లలు ఎవరైనా కారంపూడి రాదలచుకుంటే మా పిన్ని వాకిలి తెరిచే ఉంటుంది. కోడిపోరు నాడే రానక్కర్లేదు, పెట్ట పొదుగుతున్నప్పుడు రండి. ఇరవై ఒక్క రోజులు ఉండగలిగితే ఉండండి. ఆ పిల్లలిద్దరూ మళ్ళీ వచ్చినా సరే, కాదనదు, అన్నమే పెడుతుంది.

ఈసారి మాత్రం ఆవిడ మాట్లాడుతుంటే మైకు ఆపకండి.